టపామూటతో ఎగిరిన వైమానికుడు: జె. ఆర్. డి. టాటాగారి జీవితము



మన కులమునబుట్టి పేరుగాంచిన యొక పెద్ద చరిత్రమును ఏటేట ఈ సంచికయందు ప్రకటించుట ఆచారము. ఈ యేడు ఆ భారము నాపై బడినది. నేను మనవారి చరిత్రము గాక బొంబాయి పారసీకుని చరిత్రము వ్రాసితిని. సంపాదకవర్గమువారు తొలుత సంశయించిరి గాని, కారణము విన్న పిమ్మట అంగీకరించిరి. ఆ కారణమును చదువరులకును మనవిచేయుట న్యాయము.

మాది కాప్రా. చెరువుకట్టపై నిలిచి వాయవ్యదిశగా జూచినచో హకీంపేట వైమానికస్థావరమునుండి లేచిన శిక్షణవిమానములు తరచుగా కానవచ్చును. ప్రక్కనే సైనికపురి, అచ్చట విశ్రాంతి గైకొన్న సైనికోద్యోగుల కుటుంబము లనేకము. అందుచే మా ప్రాంతపు పిల్లలకు విమానము వింతవస్తువు కాదు. చప్పుడునుబట్టి యది యేరకపు విమానమో చెప్పగలవారు మా వీధిలో నలుగురైదుగురు గలరు. అందులో నొక బాలిక, మనవారి పిల్లయే, పెరిగి పెద్దదై, తేలికవిమానము నడుపు విద్యకై మన విద్యానిధినుండి అప్పు గోరుచు గతవత్సరము దరఖాస్తు పెట్టుకొన్నది. వైద్యవిద్యకు, ఇంజనీరింగునకు మారుమాటలేక అప్పు లిచ్చు మేము ఆనాడు చాలసేపు మౌనముగా కూర్చుంటిమి. 2022 ఫిబ్రవరి 26న నల్లగొండ జిల్లా పెద్దవూర మండలమున శిక్షణవిమానము కూలి, ఒంటరిగా నడుపుచున్న శిక్షణార్థిని మరణించిన సంగతి ఒక పెద్ద జ్ఞాపకము చేసెను. 2023 డిసెంబరు 4న మెదకు జిల్లా తూప్రాను సమీపమున వాయుసేన శిక్షణవిమానము పడి ఇరువురు వైమానికులు మడిసిన సంగతి మరియొకరు చెప్పిరి. రెండును నిజములే. సమాధానము చెప్పువారు లేక దరఖాస్తు వాయిదా పడినది. మౌనము వహించినవారిలో నేనును ఒకడను. ఇంటికివచ్చి, ఈ దేశమున ఆ విద్యకు తొలి లైసెన్సు పొందిన మనుష్యుని జీవితము చదువ నారంభించితిని. ఈ వ్యాసము దాని ఫలము.

విమానము పేరెత్తగనే పుష్పకమును స్మరించుట మనవారికి అలవాటు. పుష్పకమునకు పెట్రోలు అక్కరలేదు. యజమాని తలంపుచే అది తిరుగును. దానినుండి పడి చచ్చినవాడు పురాణమున గానరాడు. నేను చెప్పబోవునది కొయ్యతో, గుడ్డతో, ఇనుముతో మనుష్యులు చేసికొన్న విమానముల కథ. కావున పుష్పకమును దాని చోటనే యుండనిత్తము.

జహంగీర్ రతన్‌జీ దాదాభాయి టాటా 1904 జులై 29న పారిసు నగరమున జన్మించెను. తండ్రి రతన్‌జీ దాదాభాయి టాటా, జంషెడ్‌జీ టాటాకు దగ్గరి బంధువు, వ్యాపారమున ఆయనకు తోడైనవాడు. తల్లి సుజాన్ బ్రియేర్ అను ఫ్రెంచి వనిత. బాల్యము ఫ్రాన్సున కొంత, బొంబాయిలో కొంత గడచినది. సెలవులకు ఆ కుటుంబము ఫ్రాన్సు ఉత్తరతీరమున హార్డెలో అను సముద్రపుటూరికి పోవుచుండెడిది. ఆ యూరనే లూయీ బ్లేరియోకును ఇల్లు కలదు. 1909 జులై 25న ఇంగ్లీషుకాలువను విమానమున మొట్టమొదట దాటినవాడు ఈ బ్లేరియోయే. ఆయన విమానములు హార్డెలో ఇసుకతిన్నెలపై దిగుచుండెడివి. ఆయన వైమానికుడైన పెగూ, ఆకాశమున పల్టీలు గొట్టుటలో జగత్ప్రసిద్ధుడు, అప్పుడప్పుడు ఆ తీరమున వ్రాలుచుండెడివాడు. పిల్లవాడు నోరుతెరచి చూచుచుండెడివాడట. కాప్రాలో మా వీధిపిల్లలను జూచినవారికి ఆ చూపు ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు. ఆ పెగూ 1915లో యుద్ధమునందు ఆకాశముననే చంపబడెను. బాలుని ఆశ దానిచేత చల్లారలేదు. తన పదునైదవయేట, 1919లో, డబ్బుకు జనుల నెక్కించుకొని త్రిప్పు విమానమున తొలిసారి ఎగిరెను. తాను వైమానికుడు కావలెనని నాడే నిశ్చయించుకొనెను. ఆ నిశ్చయము నెరవేరుటకు మరి పదియేండ్లు పట్టినది.

నడుమ జరిగినది త్వరగా చెప్పి విడచెదను. ఆయన కేంబ్రిడ్జిలో చదువవలెనని తలంచెను గాని, ఫ్రెంచి ప్రజయగుటచే ఆ దేశపు సైన్యమున ఒక యేడు పనిచేయవలసివచ్చెను. పిమ్మట తండ్రి ఆజ్ఞచే బొంబాయికి వచ్చి టాటాల కార్యాలయమున జేరెను. 1926లో తండ్రి గతించెను. ఇరువది రెండేండ్ల వయస్సున తోబుట్టువుల భారము మీదబడెను. కుటుంబమునకు పెద్దయైన ఇట్టివాడు ప్రాణముతో చెలగాటమాడు విద్య నేర్వదగునా యని మన పెద్దలు అడిగినచో, ఆనాటి పారసీక పెద్దలును అదియే యడిగియుందురని నా యూహ.

1928లో బొంబాయి జుహూనందు ఫ్లయింగు క్లబ్బు నెలకొన్నది. టాటా కొద్దిగంటల శిక్షణతోనే ఒంటరిగా విమానము నడిపెను. 1929 ఫిబ్రవరి 10న ఏరో క్లబ్ ఆఫ్ ఇండియా అండ్ బర్మా వారు ఆయనకు లైసెన్సు నిచ్చిరి. దానిపై వేసిన సంఖ్య 1. ఇండియాలో వైమానికవిద్య నేర్చి పరీక్షనిచ్చి పొందిన తొలి లైసెన్సు అది. ఆయన జీవితమున పిమ్మట ఎన్నో బిరుదములు వచ్చినవి గాని, ఆ చిన్నపుస్తకము దొరకిననాటి సంతోషమునకు అవి యేవియు సాటిరాలేదని ఆయన ఎరిగినవా రందురు.

ఆనాటి తేలికవిమాన మెట్టిదో కొంచెము వివరింపవలెను. లేనిచో ఆయన సాహసము తెలియదు, ఆనందమును తెలియదు. ఆయన కొన్నది జిప్సీమాత్ అను రెండురెక్కల వరుసల విమానము. మాత్ అనగా శలభము. దానిని నిర్మించిన జెఫ్రీ డి హావిలాండ్ శలభములను సేకరించు ముచ్చట గలవాడు. తన విమానములకు ఆ పేర్లే పెట్టెను. దీపమునబడి కాలు పురుగు పేరు విమానమున కేల యని మనకు తోచును. ఆ డి హావిలాండు కుమారులు మువ్వురిలో ఇరువురు విమానములనే పరీక్షించుచు, 1943లో ఒకరు, 1946లో ఒకరు మరణించిరి. జిప్సీమాత్ కొయ్యచట్రముపై గుడ్డ బిగించి చేసినది. ఇంజను నూరు గుఱ్ఱముల శక్తి గలది. నడుపువాని తలపై కప్పు లేదు. ముఖమునకు గాలి, చెవులకు ఇంజను హోరు. రేడియో లేదు. దిక్సూచి, పటము, కన్నులు, వీనితోనే దారి. క్రింద రైలుపట్టాలు కనబడినచో వానిని బట్టుకొని పోవుట, నది కనబడినచో పటముతో సరిజూచుకొనుట.

అందులో ఆనందమేమి యని యడుగుదురు. పెద్దవిమానమున బోవువానికి కిటికీయే ఆకాశము. తేలికవిమానమున చేతిలోని కఱ్ఱను అంగుళము కదల్చినచో రెక్క వంగును, భూమి యొకప్రక్కకు ఒరగును. ఎండకు కాగిన మెట్టపొలముపై గాలి క్రిందినుండి ఎత్తుచుండును, చెరువుపై బోవునపుడు దించుచుండును. నడుపువాడు దానిని పీటక్రింద నెరుగును. నడచి నాలుగుదినములకు జేరు ఊరు ఒకగంటలో రెక్కక్రిందికి వచ్చును. మూడు వేల అడుగుల ఎత్తున తన ప్రాణము తన రెండుచేతులలో నున్నదని తెలిసియు మనస్సు నిశ్చలముగా నుండుట, దానిని రుచిచూచినవారు మరి విడువలేరని చెప్పుదురు.

అపాయములును అంత సూక్ష్మమైనవే. రెక్కమీదుగా తగినవేగమున, తగిన వాలున గాలి పారుచున్నంతవరకే విమానము ఎగురును. ముక్కు మితిమీరి పైకెత్తినచో ఆ పారుదల తెగి, ఒకరెక్క జారి, విమానము బొంగరమువలె తిరుగుచు దిగును. ఎత్తుననున్నచో సరిదిద్దుకొనవచ్చును, నేలదగ్గర నైనచో వ్యవధి యుండదు. నేలవిడిచిన కొన్ని క్షణములలో ఇంజను ఆగినచో వెనుకకు మరలి లేచినచోటనే దిగవలెనని మనస్సు తహతహలాడును. ఆ మలుపుననే అనేకులు చచ్చిరి. ఎదుటనున్న పొలముననే తిన్నగా దిగవలెను. మబ్బులో దూరినచో నింగియు నేలయు కానరావు. అప్పుడు చెవిలోపలి ఇంద్రియము మనుష్యుని మోసపుచ్చి, తిన్నగా బోవుచున్నట్లు నమ్మించుచునే చక్రముగా క్రిందికి దించును. వీనిలో ఏదియు విధివ్రాత కాదు. ప్రతిదానికిని నియమమున్నది, నియమము తప్పినవాడు అధికముగా చచ్చును, తప్పనివాడును ఒకొక్కప్పుడు చచ్చును. ఈ కడపటిమాటను దాచి తలిదండ్రులను ఒప్పించుట నాకు సమ్మతము కాదు.

1930లో జరిగిన పోటీకి ఆగాఖాను ఒక బహుమానము ప్రకటించియుండెను. ఇండియానుండి ఇంగ్లండునకు గాని, ఇంగ్లండునుండి ఇండియాకు గాని నియమితకాలములో ఒంటరిగా విమానమున వచ్చిన తొలి భారతీయునకు 500 పౌనులు. మువ్వురు పోటీకి దిగిరి. మన్‌మోహన్ సింగు, ఆస్పీ ఇంజనీరు అను పదునేడేండ్ల పారసీక కుర్రవాడు, టాటా. మన్‌మోహన్ సింగును ఆస్పీయు ఇంగ్లండునుండి ఇటు బయలుదేరిరి. టాటా కరాచీనుండి అటు బయలుదేరెను. దారిలో ఈజిప్టునందలి అబూకీరు విమానస్థలమున టాటా దిగగా, ఆస్పీ అక్కడ చిక్కుకొని యుండెను. ఇంజనులోని స్పార్కుప్లగ్గు చెడినది, వేరొకటి లేదు. టాటా తనవద్దనున్న మిగులుప్లగ్గు నిచ్చి పంపెను. ఆస్పీ సంతోషించి తన ప్రాణరక్షక కవచమును, సముద్రమున పడినచో తేల్చుదానిని, టాటాకు బహూకరించెను. ఇరువురును చెరియొకవైపునకు ఎగిరిరి. ఆస్పీ కొన్నిగంటల తేడాతో గెలిచెను. మన్‌మోహన్ సింగు కరాచీ చేరెను గాని గడువు మీరినది.

ఇందు ప్లగ్గుదానమును మాత్రమే మెచ్చుకొని ఊరకుండుట చాలదు. ఎడారిపై ఒంటరిగా బోవువానికి మిగులుప్లగ్గు అలంకారవస్తువు కాదు. అది తన ప్రాణమునకు హామీ. దానిని పోటీదారున కిచ్చి తాను ముందునకు బోయెను. ఆకాశమున తోటివాడు చిక్కుకొన్నప్పుడు చేయవలసినది చేయుట ఆ విద్యలోని భాగమని వారెరుగుదురు. ఆ ఆస్పీ ఇంజనీరు పిమ్మట స్వతంత్రభారత వాయుసేనకు 1960 మొదలు 1964 వరకు అధిపతియై యుండెను. మన్‌మోహన్ సింగు 1942 మార్చి 3న ఆస్ట్రేలియాలోని బ్రూముపై జపానువారు చేసిన దాడిలో మరణించెను. మువ్వురిలో ఒకరు ఆకాశవిద్యచేతనే వీరమరణము నొందిరి.

ఇక టాటాగారి జీవితమున ప్రధానఘట్టము. నెవిల్ విన్సెంట్ అను ఆంగ్లవైమానికుడు పూర్వము వాయుసేనలో పనిచేసి, ఇండియా దేశమంతట విమానమున సంచరించినవాడు. ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌వారి విమానములు లండనునుండి కరాచీ వరకు టపా తెచ్చుచున్నవి గదా, అచ్చటినుండి బొంబాయికి, మదరాసుకు మనమే విమానమున చేర్చరాదా యని అతనికి తోచినది. టాటా ఆ యూహను పట్టుకొనెను. టాటాసంస్థకు నాడు అధ్యక్షుడైన సర్ దొరాబ్జీ టాటా వృద్ధుడు. విమానవ్యాపారమున ధనము పెట్టుటకు ఇష్టపడలేదు. జాన్ పీటర్సన్ అను అధికారి నచ్చజెప్పగా, తుదకు రెండులక్షల రూపాయలకు ఒప్పుకొనెను. దొరతనమువారు సహాయధనము ఈయమనిరి. పలుమారులు వ్రాతకోతలు నడచిన పిమ్మట 1932 ఏప్రిలులో పదియేండ్ల టపా ఒడంబడిక మాత్రము కుదిరెను. దొరాబ్జీ ఆ జూను మాసముననే జర్మనీలో కాలధర్మము నొందెను. ధనమిచ్చినవాడు విమానమును చూడకయే పోయెను. మన విద్యానిధి పోషకులలోను ఇట్టివారు కొంద రుండిరి. వారిని ఈ సందర్భమున స్మరించుట తప్పుగాదు.

1932 అక్టోబరు 15. కరాచీ డ్రిగ్ రోడ్డు విమానస్థలమునుండి ఉదయము 6 గంటల 35 నిమిషములకు టాటా ఒంటరిగా బయలుదేరెను. విమానము పుస్‌మాత్, ఒక్క ఇంజను, గంటకు నూరుమైళ్ల వేగము. పీటవెనుక టపామూట. ఎండ తీవ్రము, గాలి ఎదురు, విమానము ఎగిరెగిరి పడుచుండెను. నడుమ ఒక పక్షి లోనికి దూరి అల్లరిచేయగా దానిని చంపవలసివచ్చెను. అహమ్మదాబాదులో దిగగా పెట్రోలు ఎద్దుబండిపై, నాలుగు గాలనుల డబ్బాలలో వచ్చెను. విమానమునకు ఎద్దుబండి మేతవేసిన ఆ దృశ్యమును తలచినప్పుడెల్ల నాకు నవ్వును గౌరవమును కలుగును. మధ్యాహ్నము 1 గంట 50 నిమిషములకు జుహూనేలపై దిగెను. మదరాసుకు పోవలసిన టపాను విన్సెంటు వేరొక విమానమున కెక్కించుకొని బయలుదేరెను. ఆ రాత్రి ఆయన దిగి నిలిచినది బళ్లారి. మరునాడు మదరాసు.

బళ్లారి నాడు మదరాసు రాజధానిలోని దత్తమండలము. 1953లో మైసూరు రాష్ట్రమున జేరినది గాని తెలుగువారు తరతరములుగా నివసించుచున్న నగరము. టాటావారి ప్రథమ విమానటపా తెలుగువారి నడుమ ఒకరాత్రి నిద్రించెనని మనము చెప్పుకొనవచ్చును. కోట నెత్తిపై మోయుచున్న ఆ ఱాతిగుట్ట చుట్టుపట్ల మైదానమునుండి దూరమునకే కనబడును. పటముతప్ప వేరుగతిలేని వైమానికునకు అట్టి గుట్ట దీపస్తంభముతో సమానము. తరువాతి సంవత్సరములలో ఈ మార్గము హైదరాబాదు మీదుగా సాగెను. అట్లు బేగంపేట నేలయు ఈ కథలో చేరినది.

పుస్‌మాత్ నడుపుట ఆనాడు ఎంత ప్రమాదమో ఇచ్చట చెప్పవలెను. 1930 మొదలు ఆ రకపు విమానములు కొన్ని, రెక్క విరిగి ఆకాశముననే చీలిపోయినవి. 1931 మే మాసమున దక్షిణాఫ్రికాలోని డ్రాకెన్స్‌బర్గు కొండలపై గ్లెన్ కిడ్‌స్టన్ అను ప్రసిద్ధవైమానికుడు అట్లే మరణించెను. గాలి కుదుపులకు రెక్కలు తట్టుకొనలేకుండుటయే కారణమని పిమ్మట పరిశోధించి, ఆధారదండములను బలపరచిరి. అట్టివిమానమున, పడమటికనుమల మీదుగా, ఋతుపవనముల కాలమున, రేడియోలేక, వారమువారము టపా చేర్చవలెను. జుహూ విమానస్థల మనునది సముద్రపుటంచున మట్టినేల, వానకాలమున బురద. అప్పుడు మూటాముల్లె సర్దుకొని పూనా యెరవాడకు తరలిపోయెడివారు. కార్యాలయము తాటాకుల పాక. వైమానికులు టాటా, విన్సెంటు, హోమీ భరూచా అను మువ్వురు. ఇంజనుపనివారు వేళ్లమీద లెక్కింపదగినవారు.

అయినను మొదటి సంవత్సరమున 1,60,000 మైళ్లు ఎగిరిరి. 155 మంది ప్రయాణికులను, 10 టన్నులకు పైగా టపాను చేర్చిరి. 60,000 రూపాయల లాభము గడించిరి. వానకాలమునందును వేళతప్పలేదు. పౌరవిమానశాఖవారు తమ నివేదికలో ఆ నియమపాలనను విశేషముగా శ్లాఘించిరి. సాహసికుడనిన మనము కన్నుమూసికొని దూకువానిని తలంతుము. టాటా లెక్క వేరు. ఇంజనును విప్పిచూచుట, గాలిని కనిపెట్టుట, వేళను వ్రాసికొనుట, అనుమానమున్నచో నిలుచుట, ఇదియే ఆయన సాహసము. ఎగురుటలోని ఆనందమును గుమాస్తా చిట్టాతో కాపాడుకొన్న మనుష్యుడు.

ఆ చిట్టా అన్నివేళల కాపాడలేదు. ఆయన తమ్ముడు జంషెడు, ఇంటివారు జిమ్మీ యని పిలుచువాడు, అన్నవలెనే విమానమునందు మిక్కిలి మోజుగలవాడు. 1936లో విమానప్రమాదమున ఆ యువకుడు మరణించెను. తండ్రిలేని ఇంట తాను తండ్రియై పెంచిన తమ్ముడు. ఈ ఘట్టమును చదివినదినము నేను పుస్తకము మూసి చాలసేపు చెరువుకట్టపై కూర్చుంటిని. అన్న ఎగురకున్నచో తమ్ముడు ఎగురకపోవునేమో. ఈ ప్రశ్న ఆయనను బాధించెనో లేదో మనకు తెలియదు. టాటా విమానము విడువలేదు, టపా ఆగలేదు. ఇది గుండెరాయియని కొందరందురు. నాకట్లు తోచదు. ఆనాటికి ఆయన చేతిలో ఇతరుల ప్రాణములును ఉన్నవి. ప్రమాదమనిన నేమో తనకంటె బాగుగా తెలిసినవాడు ఆ సంస్థలో మరియొకడు లేడు. ఆరేండ్లకు, 1942 జనవరిలో, ఇంగ్లండునుండి తిరిగివచ్చుచు విన్సెంటును యుద్ధవిమానమున మడిసెను. బళ్లారిలో టపాతో నిద్రించిన ఆ మిత్రుడు లేనిదే టాటావిమానసంస్థ పుట్టియుండెడిది కాదు.

తరువాతి యైశ్వర్యము లోకవిదితము. 1938లో ముప్పదినాలుగేండ్ల ప్రాయమున టాటాసంస్థలన్నిటికి అధ్యక్షుడయ్యెను. విమానశాఖ 1946లో ఎయిర్ ఇండియా అయ్యెను. 1948 జూన్ 8న మలబార్ ప్రిన్సెస్ అను విమానము బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. 1953లో ప్రభుత్వము విమానసంస్థలను జాతీయము చేసెను. ఆయన ఇష్టము లేకున్నను అధ్యక్షపదవిలో నుండి, 1978లో తొలగింపబడువరకు నడపెను. విమానమెక్కినప్పుడెల్ల టీ రంగు మొదలు తెరల మాపువరకు కాగితముపై వ్రాసి అధికారులకు పంపుచుండెను. తాటాకుపాకనాటి చిట్టాయే అది.

మన హైదరాబాదునకు సంబంధించిన ముక్క ఒకటి ఇచ్చట చేర్పవలెను. 1945లో నిజాము ప్రభుత్వమును టాటా విమానసంస్థయు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ అను సంస్థను బేగంపేటలో నెలకొల్పిరి, నిజామువారిది అధికభాగము. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమైనది. ఇతరసంస్థలు ఆడుది విమానము నడుపుటయా యని త్రోసిపుచ్చిన ప్రేమ్ మాథుర్ అను యువతికి ఉద్యోగమిచ్చినది ఈ హైదరాబాదు సంస్థయే. భారతదేశమున ప్రయాణికవిమానము నడిపిన తొలిస్త్రీ ఆమె. టాటా సోదరి సిల్లాయును అంతకుముందే, మన స్త్రీలలో లైసెన్సు పొందిన మొదటివారిలో నొకతెయై యుండెను. మా కాప్రాబాలిక దరఖాస్తుపై చర్చ జరిగిన గదికి బేగంపేట విమానస్థలము ఒకగంట ప్రయాణమైనను లేదు. అయినను ఆనాడు ఈ పేరు మాలో ఎవరికిని స్ఫురింపలేదు.

1962లో, తొలిటపాకు ముప్పదియేండ్లు నిండినపుడు, టాటా అదేమార్గమున కరాచీనుండి బొంబాయికి తేలికవిమానమున మరల వచ్చెను. అంతటితో తృప్తినొందలేదు. 1982 అక్టోబరు 15న, డెబ్బదియెనిమిదేండ్ల వయస్సున, హృద్రోగియై యుండియు, లెపర్డ్‌మాత్ అను పాతవిమానమున కరాచీనుండి ఒంటరిగా బయలుదేరెను. బంధుమిత్రులు వద్దనిరి. యాబదియేండ్ల వెనుకవలెనే అహమ్మదాబాదులో దిగి, జుహూ చేరెను. వృద్ధుని చాపల్యమని కొందరు అనుకొనిరి. ఆయన ఉద్దేశము వేరు. పని చక్కగా చేయుటలోని ఉత్సాహము దేశమున సన్నగిల్లుచున్నదని ఆయనకు దిగులు. క్రొత్తతరము దానిని కన్నులార చూడవలెనని ఆ ప్రయాణము. ఆ దినమున జుహూలో నిలిచి చూచినవారిలో, తొలిటపానాటికి పుట్టనివారే అధికులై యుందురు.

1992లో భారతరత్న బిరుదము వచ్చెను. 1993 నవంబరు 29న జెనీవాలో, ఎనుబదితొమ్మిదవయేట, మంచముపై, వృద్ధాప్యమున కన్నుమూసెను. పారిసులోని పేర్ లాషేజ్ శ్మశానవాటికయందు ఆయనను ఖననము చేసిరి. అరువదియేండ్లకు పైగా తేలికవిమానములతో పొత్తుగలవాడు రోగశయ్యపై మరణించుటయు ఆ చిట్టా ఫలమే యని నా నమ్మకము. అదృష్టము లేదని చెప్పను.

ఈ చరిత్రమును నేను ఆ బాలిక తండ్రికి మొదట వినిపించితిని. జిమ్మీ మరణము దగ్గర ఆయన తలవంచుకొనెను. లోపలినుండి ఆమె తల్లియు వినుచుండెను. ప్రస్తుతపు నియమములను వారికి లెక్కవేసి చూపితిని: స్వంతముగా నడుపుకొను లైసెన్సునకు పదునేడేండ్లు నిండి, 40 గంటలు ఎగురవలెను, జీతమునకు నడుపు లైసెన్సునకు పదునెనిమిదేండ్లు, 200 గంటలు, రెండింటికిని వైద్యపరీక్ష, లిఖితపరీక్షలు. ఏ శిక్షణాలయమున జేరవలెనన్నను మొదట అచ్చటి విమానముల మరమ్మతు పుస్తకములు చూపింపుమని అడుగవలెనని చెప్పితిని. ఆ బాలిక ఆ మాట ముందుగానే తన నోటుపుస్తకమున వ్రాసికొని యున్నది.

దరఖాస్తు ఈ మహాసభ రెండవదినమున, మధ్యాహ్నపు సమావేశమున, విద్యానిధి సభ్యుల యెదుటికి మరల వచ్చును. హామీదారుల గడిలో తండ్రి సంతకమున్నది. దానిక్రింద పోయినవారము తల్లియు సంతకము చేసినది.